వాసన లేని డికాషన్

మార్గళి నెల, అంటే మన ధనుర్మాసం, మొదట్లో ఒక ఉదయం మా అత్తయ్య కాఫీ పొడి డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి డబ్బా నా చేతికిచ్చింది.

"ఈ పొడిలో వాసన లేదమ్మే. మోసం చేసినాడు వాడు."

నాకు గడప దాటకముందే వాసన తగిలింది. ముందురోజు సాయంత్రం ఆమే దగ్గరుండి మర పట్టించుకొచ్చిన పొడి అది. ఆ మాటే చెబుదామనుకుని ఆగిపోయాను. కాఫీ విషయంలో ఆ ఇంట్లో నా మాటకు ఏనాడూ విలువ లేదు. "అవునా అత్తయ్యా" అని డబ్బా తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు ఉన్నమాట చెప్పి ఉంటే సంగతి ఏడు నెలల ముందే బయటపడేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మాది గుంటూరు వైపు. పెళ్లయి తొండియార్‌పేటలోని ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్లు. అత్తగారి వాళ్లు తరాలుగా మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్లు. మామగారిది ఇంగువ వ్యాపారం. ఆయన ఉన్న రోజుల్లో కొత్త సరుకు వచ్చిందంటే చిన్న ముక్క కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి, ఏమీ చెప్పకుండా భార్య చేతికిచ్చేవారు. ఆమె వాసన చూసి "దీంట్లో పిండి ఎక్కువ కలిపినారు" అనో, "ఇది మంచిది, వదలొద్దండి" అనో చెప్పేది. ఆయన ఇంకో మాట అడిగేవారు కాదు. ఊళ్లో పెద్ద పెద్ద వ్యాపారులు ఆయన తీర్పు అనుకున్నది నిజానికి వంటింట్లో నిలబడ్డ ఈమె తీర్పు.

అదే ముక్కుతో ఆమె కాఫీ పెట్టేది. వీధి చివర కాఫీ పొడి కొట్టులో గింజలు వేయిస్తుంటే మెట్టు మీద నిలబడి, "ఇంక చాలు, దించు" అని ఆమె చెబితే కొట్టు పెద్దాయన దించేవాడు. చికోరీ చాలా కొద్దిగా కలిపించేది, అదీ రంగు కోసమే అనేది. ఇంటికొచ్చాక ఫిల్టర్‌ను వేడినీళ్లతో తొలిచి, గుడ్డతో తుడిచి, ఆ వెచ్చదనం పోకముందే పొడి వేసేది. పైన చిల్లుల బిళ్ళ పెట్టి వేలి కొసతో ఒక్కసారి అదిమేది, గట్టిగా కాదు. నీళ్లు తెర్లేదాకా ఉంచేది కాదు. గిన్నె అడుగున బుడగలు లేచి, నీళ్లు పైకి పొర్లబోయే ముందు దించి, అంచు చుట్టూ సన్నని ధారగా పోసి, పొడి తడిసి ఉబ్బేదాకా ఆగి, అప్పుడు మిగతావి నింపి మూత పెట్టేది. ఇక ఆ ఫిల్టర్‌ను ఎవరూ తట్టకూడదు, కదపకూడదు. పాలు ఒక్కసారే కాచాలి, నీళ్లు కలపకూడదు. డికాషన్‌ను పొయ్యి మీద పెడితే ఇక ఆ రోజు ఆమె కోపం చూడాల్సిందే.

కాపురానికి వచ్చిన మొదటి వారంలో నేను మా పుట్టింటి అలవాటు చొప్పున పొట్లం పొడి పాలల్లో కలిపి ఇంటిల్లిపాదికీ కాఫీ ఇచ్చాను. అత్తయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "బడికి పోయేదానివి, నీకెందుకమ్మే ఈ పని" అని మెత్తగా అంది. పెరంబూరులో ఒక బడిలో సైన్సు చెబుతాను నేను. ఆ మెత్తటి మాట తర్వాత ఇరవై రెండేళ్లు ఆ ఫిల్టర్ మీద చెయ్యి వెయ్యలేదు.

అందుకే, సంక్రాంతి వెళ్లాక కాఫీ పాడవడం మొదలైనప్పుడు నాలో ఎక్కడో ఒక చిన్న సంతోషం కలిగింది. సిగ్గుగానే ఉంది కానీ చెబుతున్నాను. మొదట డికాషన్ చిక్కబడింది. వాసన రావడంలేదని ఆమె రెండు చెంచాల పొడి ఎక్కువ వేసింది. తర్వాత నాలుగు. తర్వాత గింజలు ఇంకా నల్లగా వేయించమంది. కాఫీ నోట్లో పెట్టుకుంటే మాడిన చేదు. మా ఆయన చివరిదాకా తాగి గ్లాసు కడిగేవాడు. నేను బడి దగ్గర టీ తాగేదాన్ని.

ఫిబ్రవరిలో కొట్టు పెద్దాయన బస్టాపులో నన్ను చూసి ఆపాడు. తమిళం కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పాడు: "మీ అత్తగారు ఈ వారంలో మూడుసార్లు వచ్చి పొడి వెనక్కి ఇచ్చినారమ్మా. మూడుసార్లూ ఆమె ముందరే కొత్తగా వేయించి ఇచ్చినాను. నిన్న గింజలు మాడి పొగ లేస్తా ఉంటే కూడా 'దించు' అనలేదు. నేనే దించినాను. ఆమె నా పక్కనే నిలబడి ఉండాది."

ఆ పొగ అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. వీధి వీధంతా దగ్గుతుంది. ఆమె దాని మధ్యలో నిలబడి ఎదురుచూస్తోందన్న మాట.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "డెబ్బై దాటినాయి గదా. పెద్దోళ్లకు ముక్కు మందగిస్తాది. సుమ్మా, ఊరికే ఉండు, ఆమెకు చెప్పి బాధ పెట్టొద్దు," అన్నాడు. బాధ పెట్టడం నాకూ ఇష్టం లేదు. ఊరుకున్నాం.

మార్చిలో వాసన ఒక్కటే కాదని తెలిసింది. మనిషి మారుతోంది. స్నానం చేయకుండా వంటింట్లో అడుగు పెట్టని ఆమె, నాలుగు రోజులు అదే చీరలో తిరిగింది. పక్కింటావిడ తమ్ముడు పోయాడని ఏడుస్తూ చెబుతుంటే నవ్వింది, గట్టిగా, చిన్నపిల్లలా. పక్కింటావిడ నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. గ్లాసులోకి పాలు పోస్తుంటే ఎడమ పక్క అంచు మీద పోసి, గట్టు మీద పాలు పారుతున్నా పోస్తూనే ఉండేది. ఒకరోజు ఫిల్టర్ తెరిచి చూస్తే అందులో ముందురోజు పిప్పి ఉంది. దాని మీద మళ్లీ నీళ్లు పోసి, రంగు నీళ్లు లాంటిది మాకు ఇచ్చింది. ఆ ఫిల్టర్‌ను పూటపూటకీ చింతపండుతో తోమిన మనిషి.

ఏప్రిల్‌లో ఒక ఉదయం పొడి డబ్బా కనిపించలేదు. వెతికితే ఆమె బట్టల బీరువాలో చీరల కింద దొరికింది. నేను తీస్తుండగా ఆమె వెనకే వచ్చి నిలబడింది.

"దొరికిపోయినావు."

"ఏం దొరికిపోయాను అత్తయ్యా?"

"నా పొడి తీసి, దీంట్లో మట్టి పోస్తా ఉండావు. రోజూ. నాకు తెలీదనుకున్నావా? ఇరవై ఏండ్లుగా దీనికోసరమే కాచుకోనుండావు."

గొంతు పెంచలేదు. మామూలు విషయం చెబుతున్నట్టు చెప్పింది. నేను డబ్బా ఆమె చేతిలో పెట్టి బడికి వెళ్లిపోయాను. బస్సులో కూర్చున్నాక ఆ మాటే మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. ఆమె అన్నది పూర్తిగా అబద్ధం కాదు. మట్టి కలపలేదు కానీ, ఆ ఫిల్టర్ నా చేతికి వచ్చే రోజు కోసం నేను నిజంగానే కాచుకుని ఉన్నాను.

ఆ తర్వాత ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడల్లా గుమ్మంలో ఒక్క క్షణం ఆగేదాన్ని. ఏం చూడబోతున్నానో తెలిసేది కాదు. పాలు విరిగి గడ్డలు తేలుతున్న కాఫీని ఆమె తాగుతూ కూర్చునేది. మూలన చచ్చిన ఎలుక కుళ్లి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆ పక్కనే పీట వేసుకుని కూరగాయలు తరిగేది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే "ఏమైందమ్మే" అని అడిగేది. అప్పటికైనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది. మా ఆయన "ఈ నెల పోనీ" అన్నాడు. బడి పరీక్షలు అయిపోనీ అని నేనూ అన్నాను.

జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం బడి త్వరగా విడిచారు. మెట్లెక్కుతుంటే సగంలోనే గ్యాస్ వాసన వచ్చింది. ఒక్క క్షణం పక్కింటిదేమో అనుకున్నాను. పైకి వెళ్లేకొద్దీ చిక్కబడింది. తలుపు నెట్టేసరికి కళ్లు మండాయి.

అత్తయ్య వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది. పాలు పొంగి మంట ఆరిపోయింది. గట్టంతా పాలు. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. బుస్సుమన్న ఆ చప్పుడు నాకు హాల్లోకి వినిపించింది. ఆమె చేతిలో ఫిల్టర్ పై గిన్నె ఉంది. అడుగు చిల్లులు పూడుకుపోతే దాన్ని మంట మీద పట్టి కాల్చి శుభ్రం చేయడం ఆమె పద్ధతి. పొడి కుక్కి కుక్కి పెట్టడంతో డికాషన్ దిగక, చిల్లులు మూసుకుపోయాయని అనుకున్నట్టుంది.

నన్ను చూసి చిరాగ్గా అంది: "ఈ లైటరు పాలల్లో పడి తడిసిపోయిందమ్మే. ఎంతసేపు కొట్టినా అంటుకోలే. అగ్గిపెట్టె యాడ పెట్టినావు?"

అనేలోపే ఆమె చెయ్యి కిటికీ గూట్లోకి వెళ్లింది. అగ్గిపెట్టె అక్కడే ఉంది. నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి గీసేస్తుందేమోనని భయం వేసింది. హాలు దాటి వంటింట్లోకి నడిచాను, ఎంత నెమ్మదిగా నడిచానో ఇప్పటికీ నమ్మలేను. "నేను వెలిగిస్తాను, ఇటివ్వండి అత్తయ్యా" అన్నాను. ఆమె అప్పటికే పుల్ల తీసింది. నా మొహం చూసి ఏమనుకుందో, పుల్లతో సహా పెట్టె నా అరచేతిలో పెట్టింది.

దాన్ని గుప్పిట్లో బిగించి, రెండో చేత్తో మీట కట్టేసి, సిలిండర్ మూసి, కిటికీలు తీసి, ఆమెను రెక్క పట్టుకుని కింద వీధిలోకి తీసుకొచ్చాను. ఎండలో నిలబెట్టి అడిగాను.

"మీకు గ్యాస్ వాసన రాలేదా?"

"గ్యాసా? యాడ?" అని ఆమె వీధి అటూ ఇటూ చూసింది.

మర్నాడు ఇద్దరం సెలవు పెట్టుకుని ఆమెను దగ్గర్లోని డాక్టరుకు చూపించాం. వాసన తెలియడంలేదంటే ఆయన ముందు కరోనా వచ్చిందా అని అడిగాడు. రాలేదు. అప్పుడు నేను మిగతావన్నీ చెప్పాను: నవ్వు, చీర, బీరువాలో డబ్బా, ఎడమ పక్క పోసే పాలు. ఆయన రాయడం ఆపి తలెత్తాడు. మరుసటి రోజే మెదడు, నరాల డాక్టరు దగ్గరికి పంపాడు.

ఆ రెండో డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని, ఒక ముక్కు పుటం వేలితో మూసి, బల్ల సొరుగులోంచి చిన్న గాజు సీసా తీసి రెండో పుటం దగ్గర పెట్టాడు. మూత తీయగానే నాకు తెలిసింది. కాఫీ పొడి. వాసన పరీక్షకు అదే వాడతారట. మంచి పొడే, తాజాది.

"ఇది ఏమిటమ్మా?"

"ఏం లేదు."

ఇంకో పక్క పెట్టాడు. ఆమె గట్టిగా పీల్చింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఇంగువ ముక్క చేతికిస్తే తీర్పు చెప్పడానికి ముందు మొహం అలాగే పెట్టేది.

"ఖాళీ సీసా గదా నాయనా. ఎందుకు ఆటలాడతావు?"

కళ్లు తెరవమన్నాడు. ఆమె సీసాలోని పొడిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ నెలల్లో ఆమె మొహంలో భయం చూడటం అదే మొదటిసారి. మా ఆయన గది బయటికి వెళ్లిపోయాడు.

స్కానింగ్‌లో తెలిసింది. రెండు కనుబొమల మధ్య, లోపల, మెదడు ముందు భాగం కింద నిమ్మకాయంత గడ్డ. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి, వాసన నరాలను నలిపేసి, మెదడును పైకి నెట్టి, ఇప్పుడు ఎడమ కంటి నరం మీదికి వస్తోందట, పాలు ఎడమ పక్క పోయడం అందుకేనట. క్యాన్సర్ లాంటిది కాకపోవచ్చు, కానీ తీయకుండా వదిలితే చూపు పోతుంది, ఆ తర్వాత మనిషి పోతుంది అని డాక్టరు చెప్పాడు. "మీ మీద అనుమానపడటం, నవ్వటం, అది ఆమె కాదమ్మా. గడ్డ," అన్నాడు నాతో. ఆ మాట విన్నాక నాకు ఊరట కలగలేదు. అన్ని నెలలు లోపల ఆ గడ్డ పెరుగుతుంటే, నేను దాని పని చూసి సంతోషపడ్డానని గుర్తొచ్చింది.

ఆపరేషన్‌కు ముందు వాపు తగ్గడానికి మాత్రలు ఇచ్చారు. అయిదో రోజుకు పాత అత్తయ్య కొంత తిరిగి వచ్చింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నిన్ను దొంగ అన్నానంట గదా."

"మీరు కాదత్తయ్యా. ఆ జబ్బు."

"జబ్బు నోటితో యెట్లా మాట్లాడతాది? నా నోరే గదా." వంటింటి వైపు చెయ్యి చూపి, "రా, ఫిల్టర్ తీసుకో," అంది.

ఆస్పత్రిలో చేరేది మర్నాడు. ఆ ఉదయమంతా ఆమె పీట మీద కూర్చుని చెప్పింది, నేను చేశాను. ముక్కు లేదు కాబట్టి మిగతా వాటితో చెప్పింది. నీళ్ల చప్పుడు వినమంది: మొదట సన్నగా రొద, తర్వాత ఆ రొద తగ్గి మొద్దుబారుతుంది, అప్పుడు దించాలి. పొడిని రెండు వేళ్ల మధ్య నలిపితే సన్నని రవ్వలా గరగర తగలాలి, పిండిలా జారితే డికాషన్ దిగదు. మూత పెట్టాక చెవి ఆనించి వినమంది. మొదటి బొట్లు ఖాళీ గిన్నెలో టంగుమంటాయి, వెంటవెంటనే పడితే పొడి వదులుగా ఉన్నట్టు, అసలు పడకపోతే ఎక్కువ అదిమినట్టు. నా బొట్లు వెంటవెంటనే పడ్డాయి. ఆమె విని తల అడ్డంగా ఊపింది.

"నీళ్లగా వస్తాది. పారబోసి మళ్లా పెట్టు."

మూడుసార్లు పెట్టించింది. మూడోది తాగి, "వేడి తెలస్తా ఉండాది, చేదు తెలస్తా ఉండాది. మిగతాది నువ్వే చెప్పు. వాసన యెట్లుంది?" అని అడిగింది. నేను చెప్పడానికి నోరు తెరిచాను. బాగుంది అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. సైన్సు టీచర్ని, రోజంతా పిల్లలకు మాటలు చెప్పేదాన్ని, ఒక కాఫీ వాసన ఎలా ఉందో ఆమెకు చెప్పలేకపోయాను. ఆమె ఎదురుచూసి, ఇంక రాదని తెలిసి, గ్లాసు ఖాళీ చేసింది.

ఆపరేషన్ పగలంతా పట్టింది. తల మీదుగా ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కుట్లు వేశారు. రెండు రోజులు మమ్మల్ని గుర్తుపట్టలేదు. మూడోరోజు మా ఆయన్ని చూసి "తిన్నావా" అంది. గడ్డ క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. వాసన ఇక రాదని ముందే చెప్పారు, రాలేదు. ఎడమ కంటి చూపు కొంత నిలబడింది. కంటి నరానికి అతుక్కున్న చిన్న ముక్కను మాత్రం తీయలేక వదిలేశామని, ఏడాదికోసారి స్కాన్ తీసి చూస్తూ ఉండాలని డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చాక గ్యాస్ లీకైతే మోగే పెట్టె ఒకటి గోడకు బిగించాం. ఆమె ఒంటరిగా పొయ్యి వెలిగించకూడదన్నది మా ఆయన పెట్టిన షరతు. వాదించకుండా ఒప్పుకుంది, అదే నాకు దిగులు కలిగించింది. ఉదయం ఫిల్టర్ ఆమె సర్దుతుంది, పొయ్యి నేను వెలిగిస్తాను. పాలు నేను వాసన చూసి సరే అంటే కాస్తుంది. కొట్టుకు ఇద్దరం కలిసి వెళతాం. గింజలు వేగుతుంటే ఆమె రంగు చూస్తూ నా మోచెయ్యి పట్టుకుని ఉంటుంది. దించమని చెప్పాల్సింది నేను. మొదట్లో రెండుసార్లు ఆలస్యంగా చెప్పాను.

మొదటి ఏడాది స్కాన్‌లో ఏ మార్పూ లేదు. రెండో ఏడాది స్కాన్ పోయిన నెలలో తీశారు. మా ఆయనకు వీలు కాక నేనే తీసుకెళ్లాను. డాక్టరు పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఆ ముక్క కొద్దిగా పెరిగినట్టుందని, ఇప్పుడే ఏమీ చేయక్కర్లేదని, ఆరు నెలల్లో మళ్లీ చూద్దామని అన్నాడు. అత్తయ్య "సరి" అంది.

ఆటోలో సగం దూరం వచ్చాక నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"వాడు పొద్దున ఏమీ తినకుండా పోయినాడు. వచ్చీ రాగానే చెప్పొద్దు. ముందర కాఫీ తాగనీ."

ఇంటికొచ్చి నేను పొయ్యి వెలిగించాను. ఆమె ఫిల్టర్ సర్ది, నీళ్ల దగ్గర చెవి పెట్టి నిలబడింది. మా ఆయన చెప్పులు విప్పి లోపలికి వస్తూనే మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఆమె గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఆయన నిలబడే తాగాడు, కొంచెం కొంచెంగా, అడుగంటేదాకా. తర్వాత గ్లాసు గట్టు మీద పెట్టి, నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

చెప్పాను.